తక్కువ ధరలో మంచి ఎలక్ట్రిక్ గిటార్ ఎంచుకోవడం ఎలా? నెక్ చూశాకే డబ్బులు తీయండి

ఇంటర్ పరీక్షలు అయిపోతే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మావాడికి ఎలక్ట్రిక్ గిటార్ కొనాలి, ఒక్కసారి షాపుకు రావా?" వెళ్తాను. సికింద్రాబాద్‌లోనైనా అబిడ్స్‌లోనైనా జరిగేది ఒకటే. పిల్లాడి చూపు గోడకు వేలాడే సన్‌బర్స్ట్ రంగు మీద, తండ్రి చూపు ధర చీటీ మీద. నెక్ వైపు, అంటే వేళ్లతో తీగలు నొక్కే ఆ పొడవాటి కర్ర వైపు, చూసేవాడు ఉండడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ గిటార్ అటక మీద ఉంటుంది, "మావాడికి ఇంట్రెస్ట్ పోయిందన్నా" అంటారు. వాడి ఇంట్రెస్ట్‌కు ఏమీ కాలేదు. ఆ గిటార్ మీద ఎవరు నొక్కినా వేళ్లు నొప్పి పుడతాయి, అంతే.

డబ్బు లెక్క

చేతిలో ₹30,000 ఉంటే గిటార్‌కు ₹20,000 దాటనివ్వకండి. మిగతాది చిన్న ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె), కేబుల్, ఒక సెటప్‌కు, అంటే తీగల ఎత్తు, నెక్ సరిచేయించడానికి. గిటార్, ఆంప్, బ్యాగ్, బెల్టు అన్నీ ఒకే డబ్బాలో ఇచ్చే కాంబోలు కొనకండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్, జేబులో ఒక విజిటింగ్ కార్డు, స్కూలు పిల్లల స్టీలు స్కేలు ఉంటే షాపుకు బయల్దేరవచ్చు.

ఏ మోడల్?

క్లాసిక్ అనదగ్గవి ముఖ్యంగా మూడు. ఫెండర్ వాళ్లు 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో తెచ్చిన గిటార్ ఒకటి. దాదాపు అదే పేరుతో గ్రెచ్ కంపెనీ డ్రమ్ములు అప్పటికే అమ్ముతుండటంతో పేరు మార్చాల్సి వచ్చి 1951లో టెలికాస్టర్ అయింది. గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ 1952లో, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చాయి. అసలువి మన బడ్జెట్‌లో రావు. వీటినే తక్కువ ధరలో ఫెండర్ స్క్వైర్ పేరుతో, గిబ్సన్ ఎపిఫోన్ పేరుతో అమ్ముతాయి. స్క్వైర్‌లో చవక రకాల్లో ఒకటి సోనిక్, దాని పైన అఫినిటీ, ఆ పైన క్లాసిక్ వైబ్. ఈ ధరలో ఎవరైనా గిబ్సన్ అనే పేరే ఉన్న గిటార్ చూపిస్తే నమస్కారం పెట్టి బయటికి రండి.

మొదటి గిటార్ టెలికాస్టరే అయి ఉండాలి. స్ట్రాట్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ దాని బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) వెనక స్ప్రింగులుంటాయి. ఆ బ్రిడ్జి గాల్లో తేలేలా బిగించి ఉంటే, ఒక తీగ తెగినప్పుడు మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. కొత్తవాడు ట్యూనింగ్‌తో కుస్తీ పట్టడానికే సాయంత్రమంతా సరిపోతుంది. టెలీ బ్రిడ్జి స్క్రూలతో బాడీకి బిగించి ఉంటుంది, ఎటూ కదలదు. లెస్ పాల్ స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 628 మి.మీ., ఫెండర్లది 648. తీగ కాస్త మెత్తగా తగులుతుంది కాబట్టి చిన్న చేతులకు హాయిగా ఉంటుంది. అయితే దాని హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే తల, వెనక్కి వాలి ఉంటుంది. స్టాండ్ మీంచి ఒకసారి వెల్లకిలా పడితే నెక్, హెడ్‌స్టాక్ కలిసే చోట పుటుక్కున విరగవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలు పరుగెత్తేవాళ్లుంటే ఆలోచించుకోండి.

ఏ కర్ర మంచిదని అడగకండి. ఆ వాదన తెగేది కాదు. "ముందు పికప్‌లు చూడాలి" అనేవాళ్లతోనూ నాకు పడదు. పికప్ అంటే తీగల కదలికను పట్టి ఆంప్‌కు పంపే భాగం: అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. నచ్చకపోతే రెండేళ్ల తర్వాత ఒక సాయంత్రం సోల్డరింగ్ ఐరన్‌తో మార్చేయవచ్చు. నెక్ మెలి తిరిగితే అంత సులువుగా మార్చగలరా?

నెక్ పరీక్ష: ఇక్కడ తొందరపడొద్దు

ముందుగా గిటార్‌ను ట్యూన్ చేయండి. గోడకు నెలల తరబడి వేలాడిన గిటార్ తీగలు వదులైపోయి ఉంటాయి. తీగల లాగుడు లేనప్పుడు నెక్ నిటారుగా కనిపించి మోసం చేస్తుంది. "ఇంటికెళ్లాక ట్యూన్ చేసుకోవచ్చు సార్" అని షాపు కుర్రాడు అంటాడు. వినకండి.

ట్యూన్ అయ్యాక బాడీ కింది చివరను కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు నెక్ పొడవునా చూడండి. నెక్‌కు రెండు అంచులుంటాయి, లావు తీగ వైపు ఒకటి, సన్న తీగ వైపు ఒకటి. రెండూ సమాంతరంగా పోవాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంటే నెక్ మెలి తిరిగిందన్న మాట. దానికి మందు లేదు. మొదట్లో నేనూ చూడకుండా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాను. చూడటానికి పెళ్లికూతురిలా ఉంది. రిపేరు చేసే పెద్దాయన అలాగే ఒక కన్ను మూసి ఒక్క క్షణం చూసి, "గోడకు తగిలించుకోండి, బాగుంటుంది" అన్నాడు.

మెలి లేకపోతే తర్వాత వంపు. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్లు, హెడ్‌స్టాక్ వైపు నుంచి లెక్క. ఎడమచేత్తో లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, కుడిచేత్తో అదే తీగను నెక్ బాడీతో కలిసే ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీకు స్కేలు. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర దాని కింద ఎంత సందుందో చూడండి. పావు మిల్లీమీటరు, అటూ ఇటూగా విజిటింగ్ కార్డు మందం ఉండాలి. సందే లేకుండా తీగ ఫ్రెట్‌కు అంటుకుపోతే నెక్ వెనక్కి వంగింది. రెండు కార్డులు దూరితే ముందుకు వంగింది. ఈ వంపులను చూసి భయపడక్కర్లేదు. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ ఉంటుంది, దాన్ని పావు చుట్టు తిప్పితే సర్దుకుంటుంది. మీరు మాత్రం తిప్పకండి. సైజు సరిపోని కీ పెట్టి తిప్పితే ఆ కడ్డీ నట్టు లోపల అరిగిపోతుంది, ఆ తర్వాత బాగుచేయడం చాలా కష్టం. షాపులో పని తెలిసినవాడితో మీ కళ్ల ముందే తిప్పించి, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. వంపు కాస్త కూడా మారకపోతే ఆ గిటార్ వద్దు.

ఇక ఫ్రెట్లు. ఆంప్‌కు తగిలించకుండానే, ఆరు తీగల మీద ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా నొక్కి మీటి, స్పష్టంగా మోగుతుందో లేదో వినండి. సోనిక్ టెలీకి 21 ఫ్రెట్లు, అంటే 126 సార్లు. షాపులో అందరూ మిమ్మల్నే చూస్తారు, చూడనివ్వండి. తర్వాత సన్న తీగను 12 నుంచి 15వ ఫ్రెట్ మధ్య నొక్కి, మీటి, పక్క తీగ వైపు గట్టిగా నెట్టండి. శబ్దం మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోతే పక్కన ఏదో ఫ్రెట్ ఎత్తుగా ఉంది. అదే మోడల్‌లో ఇంకొకటి అడగండి. ఒకే రంగు, ఒకే ధర ఉన్న రెండు గిటార్లలో ఒకటి వెన్నలా, ఇంకొకటి రంపంలా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను.

రంపం ఊరికే అనలేదు. అరచేతిని నెక్ అంచు వెంట పైనుంచి కిందికి జార్చి చూడండి. హైదరాబాద్ ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, కర్ర ముడుచుకుంటుంది. ఫ్రెట్ లోహం ముడుచుకోదు కాబట్టి దాని కొనలు బయటికి పొడుచుకొస్తాయి. వానాకాలంలో కర్ర ఉబ్బి ఆ లోపం కనిపించదు. అందుకే గిటార్ మే నెలలోనే కొనాలంటాను. ఆగస్టులో నున్నగా ఉన్నది వచ్చే ఏప్రిల్‌కు చెయ్యి గీరుతుంది.

ఆంప్‌కు తగిలించడం, బేరం

ఇది రెండు నిమిషాల పని. స్విచ్ అన్ని వైపులా తిప్పి ప్రతి పికప్ మోగుతుందో లేదో వినండి. నాబ్ తిప్పితే గరగరమంటే పట్టించుకోకండి, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) వదులుగా ఉన్నా సరే, కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది దొరుకుతుంది.

బేరం ధర దగ్గర ఆడి లాభం లేదు, అయిదొందలు తగ్గించి సరిపెడతారు. సెటప్ దగ్గర ఆడండి. కొత్త 9 నంబరు (సన్నరకం) తీగలు వేసి, 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మి.మీ.కు దించి ఇవ్వమనండి. ఫ్రెట్ పై నుంచి తీగ అడుగు వరకు స్కేలు పెట్టి మీరే కొలవండి. సరేనంటే డబ్బు కట్టండి. రేపు రమ్మంటే రేపే వెళ్లండి, గిటార్ మాత్రం అప్పటిదాకా అక్కడే ఉండాలి, మీ డబ్బు మీ జేబులో ఉండాలి.