పనులన్నీ చివరి రెండు రోజుల మీదే పడుతున్నాయా? కారణం ఇక్కడ వెతకండి

నల్గొండలో ఇంటర్, డిగ్రీ పిల్లలు ఉండే ఒక హాస్టల్లో పదేళ్లుగా స్టడీ అవర్స్ చూస్తున్నాను. సాయంత్రం ఏడయ్యేసరికి ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరికొచ్చి "సార్, టైం సరిపోతలేదు" అంటారు. చేతిలో అప్పటికే రంగు పెన్నులతో గీసిన టైంటేబుల్ ఉంటుంది. పొద్దున నాలుగున్నరకు లేవడం నుంచి రాత్రి పదకొండుకు పడుకోవడం దాకా అన్ని గడులూ నిండి ఉంటాయి. ఆ కాగితాన్ని పక్కన పెట్టి నేను అడిగేది ఒకటే: "నువ్వు చేయాల్సిన పనులన్నీ ఎక్కడ రాసుకున్నవ్?"

ముందు ఇది చూడండి

ఆ మధ్య ఒక బీఎస్సీ అబ్బాయిని కూర్చోబెట్టి, పనులు రాసున్నవన్నీ టేబుల్ మీద పెట్టమన్నాను. ఇంటర్నల్స్ తేదీలు క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎక్కడో పైన ఉన్నాయి. కెమిస్ట్రీ అసైన్‌మెంట్ ప్రశ్నలు ఫిజిక్స్ నోట్స్ చివరి పేజీలో ఉన్నాయి. పరీక్ష ఫీజు ఎంతో బస్సు టికెట్ వెనక రాసుంది. జిరాక్స్ షాపులో తీసుకోవాల్సిన కాగితాల సంగతి ఎడమ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు, అది చెమటకు సగం చెరిగిపోయింది. ఇలా నాలుగు చోట్ల ఉన్న పనుల్లో ఏది ముందో, ఏది వెనకో ఎవరు మాత్రం తేల్చగలరు?

పనులు మర్చిపోతున్నారంటే, "ఇంకేదో ఉండాలే" అనే గుబులు రాత్రిపూట పట్టుకుంటోందంటే కారణం ఇదే. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి కొనండి. వాట్సాప్‌లో వచ్చినదైనా, నోటీసు బోర్డు మీద చూసినదైనా, సార్ క్లాసు అయిపోయాక గుమ్మంలో నిలబడి చెప్పినదైనా, ఆ రాత్రి పడుకునే ముందు అందులోకి ఎక్కాలి. ఇది అందరికీ తెలిసిన మాటే. అయినా దీన్ని దాటేసి కొత్త టైంటేబుల్ గీసుకునేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. ఇది చేయకుండా కింద చెప్పేవి చదివినా ఉపయోగం లేదు.

అన్నీ రాసుకున్నా చివర్లోనే మీద పడుతున్నాయా?

నన్ను బాగా దెబ్బకొట్టిన కారణం ఇది. నోట్‌బుక్ ఉంటుంది, తేదీలు సరిగ్గానే ఉంటాయి, రోజూ చూసుకుంటారు కూడా. అయినా గడువుకు రెండు రోజుల ముందు అన్నీ కలిసి మీద పడతాయి. బద్ధకం అని ఇంట్లో తిడతారు. చాలాసార్లు అది బద్ధకం కాదు. మీరు రాసుకున్నది పని పూర్తి కావాల్సిన తేదీ, మొదలుపెట్టాల్సిన తేదీ కాదు. పైగా ఆ పనిలో సగం మీ చేతిలో లేదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం కావాల్సి వచ్చింది. చివరి తేదీ శుక్రవారమని పుస్తకంలో గుండ్రంగా సున్నా చుట్టి మరీ రాసుకున్నాను. బుధవారం ఊరికి వెళ్లాను. సంతకం పెట్టాల్సిన అధికారి వేరే డ్యూటీ మీద బయటికి వెళ్లారు, మళ్లీ వచ్చేది సోమవారమే అన్నారు. "ఎలాగూ తేదీ పెంచుతారులే" అని స్నేహితులు ధైర్యం చెప్పారు. అంతకుముందు ఏడాది పెంచారు కాబట్టి నేనూ నమ్మాను. ఆ ఏడాది పెంచలేదు. ఫీజు కట్టడానికి మా నాయన రెండు గొర్రెలను అమ్మాడు. ఆ సాయంత్రం దొడ్డిలో ఆయన తాడు చుట్టలు చుడుతూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఈ ఒక్క సంగతి పిల్లలకు పదే పదే చెబుతుంటాను.

ఇప్పుడు దరఖాస్తు మీసేవలో పెట్టొచ్చు. అంతమాత్రాన అదే రోజు కాగితం చేతికి వస్తుందనుకోవద్దు. మండల ఆఫీసులో విచారణ జరగాలి, తహసీల్దార్ ఆమోదించాలి. ఆ తర్వాత ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు, కాలేజీలో కాగితాల పరిశీలన, వేలిముద్ర. ఇందులో మీరు స్వయంగా చేసేది మహా అయితే రెండు గంటల పని. మిగతాదంతా ఎదురుచూపే. చదువుకు పనికొచ్చేది కాదు కదా అని ఈ రెండు గంటల పనిని పిల్లలు జాబితాలో అట్టడుగున పెడతారు. నిజానికి అది అన్నిటికంటే పైన ఉండాలి.

ల్యాబ్ రికార్డుదీ ఇదే తీరు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు, కెమిస్ట్రీకి 30. రికార్డు ఇవ్వాల్సింది 20వ తేదీ అనుకుందాం, ఇంకా రాయాల్సిన ప్రయోగాలు పన్నెండు. 18, 19 తేదీల్లో రాత్రంతా కూర్చుంటే రాయడం వరకు అయిపోవచ్చు. కానీ సార్ క్లాసు మొత్తం రికార్డులు చూడాలి, దానికి మూడు రోజులు. గ్రాఫు మీద స్కేలు వేయలేదనో, యూనిట్లు రాయలేదనో కొన్ని వెనక్కి వస్తాయి, దిద్దుకోవడానికి రెండు రోజులు. మధ్యలో ఒక ఆదివారం. అంటే రికార్డు సార్ టేబుల్ మీదికి చేరాల్సింది 14నే. రోజుకు రెండు ప్రయోగాల చొప్పున రాస్తే ఆరు రోజులు పడుతుంది కాబట్టి 8న మొదలుపెట్టాలి. నోట్‌బుక్‌లో "రికార్డు" అన్న మాట 20 పక్కన కాదు, 8 పక్కన రాయండి. 20 పక్కన కూడా రాసుకుంటే తప్పులేదు, కానీ మిమ్మల్ని లేపేది 8 పక్కన ఉన్న మాటే.

అలవాటుగా చేయాల్సింది ఇది. నోట్‌బుక్‌లో ప్రతి పనికీ ఎదురుగా, అది పూర్తి కావాలంటే ఇంకెవరి చెయ్యి పడాలో ఒక్క మాటలో రాయండి: ల్యాబ్ సార్, మీసేవ, జిరాక్స్, బ్యాంకు, నాయన సంతకం, గ్రూపులో తోటివాళ్లు. ఎవరూ అక్కర్లేని పనికి ఏమీ రాయొద్దు. పొద్దున చదువుకు కూర్చునే ముందు, పేర్లున్న పనుల్లో ఈ రోజు ఎవరి చేతికి ఏది అందించాలో చూసుకుని, ముందు అది అందించండి. వాళ్ల దగ్గర అది నడుస్తుండగా మీ చదువు మీరు చదువుకోవచ్చు. ఇచ్చేశాక పనయిపోయిందనుకుని కొట్టేయకండి, మళ్లీ వెళ్లి అడగాల్సిన తేదీ వేసుకోండి. ఇచ్చి మర్చిపోయిన కాగితాలు ఆఫీసు బీరువాల్లో ఎన్ని ఉండిపోతాయో మా హాస్టల్ పిల్లలను అడిగితే చెబుతారు.

గంటలు గంటలు కూర్చున్నా ఏమీ కదలడం లేదా?

జాబితాలో "ఫిజిక్స్" అని రాసి ఉంటుంది. ఫిజిక్స్ ఎప్పటికి అయిపోతుంది? "తరంగాలు, వెనకున్న లెక్కల్లో మొదటి ఐదు" అని రాసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ లేవాలో తెలుస్తుంది. నలభై నిమిషాల్లో కొట్టేయలేని పనిని ఇంకా చిన్న ముక్కలు చేయాలి.

అన్నీ ముఖ్యమే అనిపిస్తోందా?

మార్కులు చూడండి. ఎంపీసీ పిల్లలకు ఇంజినీరింగ్ సీట్ల కోసం పెట్టే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటాయి. వాటిలో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. చాప్టర్లు తేలిగ్గా అయిపోతున్నాయన్న సంతోషంతో సాయంత్రాలన్నీ కెమిస్ట్రీకే ఇచ్చి, మ్యాథ్స్‌ను ఆదివారానికి నెట్టేసేవాళ్లుంటారు. వచ్చే సబ్జెక్టు చదువుతుంటే హాయిగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా బుర్ర తాజాగా ఉండే గంటలు మ్యాథ్స్‌కు ఇవ్వాలి. బ్యాక్‌లాగ్ ఉన్న డిగ్రీ పిల్లలు కొత్త సెమిస్టర్‌లో ఏది వాయిదా వేసినా ఆ పాత పేపర్‌కు రోజూ అరగంట కేటాయించాలి. పరీక్ష ముందు చూసుకుందామనుకుంటే అప్పుడు రెండు సెమిస్టర్ల భారం ఒకేసారి పడుతుంది.

ఆదివారం ప్లాన్ ఎప్పుడూ తప్పుతోందా?

దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చే పిల్లలతో నేను పత్తి గురించి ముందే మాట్లాడతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చేలల్లో పత్తి ఏరాలి, కైకిలోళ్లు దొరకరు. శనివారం ఇంటికి వెళ్లిన పిల్లవాడు అమ్మ ఒక్కతే చేలో వంగి ఏరుతుంటే పుస్తకం పట్టుకుని కూర్చోలేడు, కూర్చోమని నేనూ చెప్పను. ఆ మూడు నెలలూ ఆదివారం మీద చదువు పెట్టుకోవద్దంటాను. మిగిలిపోయిన పనికి బుధవారం సాయంత్రం ఖాళీగా ఉంచుకోండి. ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఊళ్లో సంతకాలు, కాగితాల పనేమైనా ఉందేమో శుక్రవారమే నోట్‌బుక్‌లో చూసుకుని వెళ్లండి.

మిగిలినవి

ఏ యాప్ మంచిదని అడుగుతుంటారు. ఏదైనా ఒకటే, కాగితమే చాలు. జ్ఞాపకశక్తి తక్కువని మందులూ మాకులూ కొనకండి. ఫోన్ వల్ల పాడవుతున్నామనేవాళ్లు చదివేటప్పుడు దాన్ని పక్క గదిలో పెడితే సరిపోతుంది. ఇవన్నీ సరిచేసుకున్నా వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, పుస్తకం తెరవాలంటేనే భయమేస్తుంటే అది నోట్‌బుక్‌తో తీరేది కాదు. ఇంట్లో చెప్పి డాక్టర్‌ను కలవండి. చెప్పడానికి బెరుకుగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.