స్పిన్ల పాఠం 4: దూరమున్న కేంద్రకం ఎట్ల చల్లారుతది?

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది: స్ఫటికంల మలినానికి దూరమున్న పరమాణు కేంద్రకాలు గూడ దగ్గరున్నవాటి తీరుగనే ఎట్ల చల్లారుతయి? స్పిన్ అంటే కేంద్రకాన్ని చిన్న అయస్కాంతం లెక్క చేసే గుణం, చల్లారుడంటే చెదిరిన స్పిన్లు మళ్ల మామూలు స్థితికి వచ్చుడు. వచ్చిన జవాబులల్ల సగానికి పైన ఒక్కతీరుగనే తప్పినయి, అందుకే కొత్త పాఠం పక్కకు పెట్టి ఇయ్యాల దాన్నే తవ్వుదాం.

ఫ్లోరైడ్ అనంగనే మన నల్లగొండోళ్లకు బోరునీళ్లు, గారపండ్లు యాదికొస్తయి గానీ మనం తీసుకున్నది కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం. ప్రకృతిల దొరికే ఫ్లోరిన్ అంత ఫ్లోరిన్-19నే, స్పిన్ సగం, అంటే పైకో కిందికో రెండే స్థితులు, లెక్కకు లొల్లి లేదు, నాకిదే ఇష్టం. అండ్ల అక్కడక్కడ ఒక అయస్కాంత మలినం. దాని ఎలక్ట్రాన్ అయస్కాంతం ప్రోటాన్ దానికి 658 రెట్లు, అది తిరగబడుతుంటే చుట్టున్న కేంద్రకాలు సల్లబడతయి, కానీ ఆ రేటు దూరం ఆరో ఘాతంతోటి పడిపోతది. 10 ఆంగ్‌స్ట్రాంల (ఒక ఆంగ్‌స్ట్రాం అంటే మీటరుల వెయ్యి కోట్లల్ల ఒక వంతు) కాడ చల్లారనీకి 1 మిల్లీసెకను అనుకోండి, 50 కాడ 15.6 సెకన్లు, 100 కాడ 1000 సెకన్లు, అంటే పావుగంట దాటుతది. మరి స్ఫటికమంత ఒకటే టీ1, అంటే ఒకటే చల్లారే సమయం, ఎట్ల సూపిస్తది?

"ఫ్లోరిన్లు జరుక్కుంట మలినం కాడికి పోతయి" అని రాసిన్రు. అయ్యా, జవాబు స్పిన్ డిఫ్యూజన్, అంటే స్పిన్ స్థితి ఒకదాన్నుంచి ఒకదానికి పాకుడు. డిఫ్యూజన్ అన్న మాట సూడంగనే పరమాణువులను నడిపిస్తిరి! ఏదీ కదలదు. స్లాబ్ పోసేకాడ సూడలేదా, కూలోళ్లు నిచ్చెన మెట్టుకొకరు నిలబడి తట్ట అందిస్తరు, మనుషులు జరగరు, తట్టనే జరుగుతది. ఈడ తట్ట అంటే స్పిన్ స్థితి: పక్కపక్క రెండు స్పిన్లు, ఒకటి పైకి తిరిగితే ఒకటి కిందికి తిరుగుతది, అదే ఫ్లిప్‌ఫ్లాప్. 1949ల భౌతికశాస్త్రవేత్త బ్లోంబెర్గన్ చెప్పింది ఇదే. ఇంకో మాట, తట్టలు చేతులు మారినంత మాత్రాన మాలు తగ్గదు, పైన కుమ్మరిస్తెనే తగ్గుతది. ఫ్లిప్‌ఫ్లాప్‌తోటి మొత్తం మాగ్నెటైజేషన్ (అన్ని స్పిన్ల అయస్కాంతం కలిపి) మారదు, కుమ్మరించే జాగ మలినం పక్కనే. డిఫ్యూజనే రిలాక్స్ చేస్తదని, అంటే చల్లారుస్తదని, రాసినోళ్లు ఈ లైను రెండుసార్లు సదువుండి.

మలినానికి మరీ ఆనుకున్న కేంద్రకాలకైతే తట్ట అందదు. అక్కడ పక్కపక్కోళ్లకే అయస్కాంత ఫీల్డు వేరు, ఫ్రీక్వెన్సీలు కలవవు, ఫ్లిప్‌ఫ్లాప్ ఆగుతది. దాన్ని డిఫ్యూజన్ బారియర్ (అడ్డుగోడ) అంటరు, ఇప్పటికింతే.

డిఫ్యూజన్ అందుకోకముందు ఏమైతదో నేను ఇంటిగ్రల్ లేకుండనే తేలుస్త. ఒక సమయానికి మలినం చుట్టు చల్లారిన గోళం వ్యాసార్థం ఆ సమయం ఆరో మూలం, గోళం ఘనపరిమాణం దానికి ఘనం, అంటే సమయం వర్గమూలం. అయిపాయె.

మీ లెక్క: మలినాలు, కేంద్రకాలు అన్నీ ఒకటే పొరల ఉన్నయి. చల్లారిన వాటా సమయానికి ఏ ఘాతంతోటి పెరుగుతది? మలినాలు రెండింతలైతే మొదట్ల ఎంత మారుతది? ఇంటిగ్రల్ పెట్టిన కాయితం నేను సూడ.