పాత సైనిక రైఫిల్‌కు పీప్ సైట్ అమర్చడం

షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్ వంటి పాత బ్రిటిష్ సైనిక రైఫిల్‌తో టార్గెట్ కొట్టేవారికి మొదటి అడ్డంకి బ్యారెల్ మీది గాటు సైట్. వెనుక గాటును, ముందున్న బ్లేడును, ఎదుటి బుల్‌ను (టార్గెట్ మధ్యనున్న నల్ల వృత్తాన్ని) కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. నలభై దాటిన కంటికైతే ఆ ఇబ్బంది మరీ ఎక్కువ. కంటికి దగ్గరగా బిగించే పీప్ సైట్‌లోని చిన్న రంధ్రం గుండా చూస్తే కన్ను తనంతట తానే మధ్యకు చేరుతుంది కనుక దృష్టిని బ్లేడుపై నిలిపితే చాలు. పైగా రెండు సైట్ల మధ్య దూరం పెరిగి గురిలోని చిన్న తేడా కూడా తెలుస్తుంది.

మన దేశంలో ఈ రైఫిల్ అసలు కొలత అయిన త్రీ నాట్ త్రీ (.303) నిషిద్ధ బోరు కనుక, ఇక్కడ చెప్పేది అదే బాడీపై తయారైన .22 శిక్షణ రైఫిల్ గురించి. ఎన్‌సీసీలో చేసినవారికి ఇది పరిచయమే. బిగింపు పనిని లైసెన్సున్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే పనివాడు) చేత చేయించాలి.

సైట్ కంటే ముందు చూడవలసింది కర్రను. రాజోలు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. వానాకాలం తేమకు ఫోర్‌ఎండ్, అంటే బ్యారెల్ కింది కర్ర, ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్కకు నెడుతుంది. సైట్‌ను తిట్టుకునేవారిలో చాలామంది నిజానికి తిట్టవలసింది ఈ కర్రనే. ఫోర్‌ఎండ్ యాక్షన్‌కు (బోల్టు కదిలే లోహపు భాగానికి) రెండు వైపులా సమానంగా ఆనుతోందో లేదో చూసి, లోపలి వైపు కూడా పచ్చి అవిసె నూనె పట్టించాలి. అయితే ఫోర్‌ఎండ్ తీయకుండా బట్ బోల్టును (వెనుక కర్రను బాడీకి పట్టి ఉంచే మరను) ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. దాని నలుచదరపు కొన ఫోర్‌ఎండ్‌లోని పలకలో ఇరుక్కుని ఉంటుంది కనుక తిప్పితే కర్ర చీలుతుంది.

పీప్ సైట్లలో షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్‌కు పార్కర్-హేల్ కంపెనీ 5ఏ, దాని తరువాతి మోడల్ అయిన నంబర్ 4 రైఫిల్‌కు 5సి సరిపోతాయి. బాడీకి ఇదివరకే ఉన్న రంధ్రాలతోనే బిగించాలి తప్ప కొత్తగా డ్రిల్లు వేయకూడదు. రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, తూటాను లోపలికి తోసే బోల్టు తీసి, స్క్రూ గాటుకు సరిగ్గా పట్టే డ్రైవర్‌తోనే బిగించాలి. తరువాత బోల్టును పూర్తిగా వెనక్కి లాగి, సైట్‌కు ఎక్కడా తగలకుండా చూసుకోవాలి. రంధ్రం 1.1 నుంచి 1.2 మిల్లీమీటర్లు ఉంటే మంచి ఎండలో బాగుంటుంది. డిసెంబరు పొగమంచు ఉదయాల్లో కొంచెం పెద్దది కావాలి.

జీరో చేసేటప్పుడు, అంటే గుళ్లు గురి చూసిన చోటే పడేలా సైట్‌ను సరిచేసేటప్పుడు, ఒక్క గుండును చూసి సైట్ కదపకుండా, ఐదు గుళ్ల గుంపు మధ్యభాగాన్ని లెక్కలోకి తీసుకోవాలి. తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగిస్తే కదపవలసిన కొలత వస్తుంది. ఉదాహరణకు సైట్ల మధ్య 750 మిల్లీమీటర్లు ఉండి, 50 మీటర్లలో గుంపు 30 మిల్లీమీటర్లు కిందికి పడితే, వెనుక సైట్‌ను 0.45 మిల్లీమీటర్లు పైకి ఎత్తాలి. వెనుక సైట్ ఎటు కదిలితే గుళ్లూ అటే కదులుతాయి. ముందు బ్లేడు విషయంలో దీనికి తలకిందులు. కనుక సైట్‌ను పూర్తిగా దించినా గుళ్లు పైకే పోతుంటే మరింత ఎత్తైన బ్లేడు వేయించాలి.

జీరో కుదిరాక స్క్రూ తలకూ బాడీకీ కలిపి సన్నని తెల్లరంగు గీత గీస్తే, స్క్రూ వదులైన రోజున ఆ గీత తెగి కనిపిస్తుంది.