పాత కారు బేరం: సీ-బుక్కులో కనిపించేవి, కనిపించనివి

బెజవాడలో పాత కారు కొనేవాళ్లు ముందు ఇంజిన్ చప్పుడు వింటారు, ఏసీ వేసి చూస్తారు. సీ-బుక్కు (బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అంటే ఆర్‌సీ) అడిగేది అడ్వాన్సు ఇచ్చాకే. ఈ వరస తిరగేయాలి.

సమస్య: అమ్మేవాడి పేరు బుక్కులో లేదు.
కారణం: మధ్యలో ఒకరో ఇద్దరో కొని, పేరు మార్పించకుండానే చేతులు మార్చారు. పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద పాత ఓనరు సంతకం చూపించి, కొనేవారి పేరు దగ్గర ఖాళీ వదిలిపెడతారు.
పరిష్కారం: బుక్కులో ఉన్న మనిషిని పిలిపించమనండి. రాలేడంటే, బండి ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి. అమ్మేవారికీ ఇందులో టెన్షనే: పేరు మారేలోపు యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రంలోనే అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకి (రవాణా ఆఫీసుకి) తెలపాలి.

సమస్య: లోన్ తీరిపోయిందంటారు, బుక్కులో మాత్రం ఫైనాన్స్ పేరు ఉంది.
కారణం: ఆఖరి కిస్తీ కట్టినంత మాత్రాన ఆ పేరు పోదు. ఒక్కోసారి లోన్ తీరనే తీరదు.
పరిష్కారం: బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫైనాన్స్ పేరు తీసేయడానికి వాడే ఫారం 35 ఆర్టీఏలో ఇచ్చి దాన్ని తీయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. బాకీ ఉంటే ఆ మేరకు నేరుగా లోన్ ఖాతాలో కట్టండి.

సమస్య: సెంటు కొట్టినా కారులో ముక్కిన వాసన పోవడం లేదు.
కారణం: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కడిగి, సీటు కవర్లు మార్చేస్తే పైకి ఏమీ తెలీదు. బుక్కులోనూ వరద మాట ఉండదు. “ఇది గుంటూరు బండి” అంటే ఊరట పడకండి. పాత నంబర్లలో ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అని తెలిసేది. 2019లో అన్ని జిల్లాలకూ ఏపీ 39 వచ్చాక నంబరు చూసి ఊరు చెప్పలేం. అయినా నీళ్లలో మునిగింది బండిగానీ నంబరు కాదుగా!
పరిష్కారం: సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉందేమో చూడండి. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాలకు తుప్పు, ఫ్యూజుల దగ్గర పచ్చటి చిలుము వెతకండి. సర్వీసు రికార్డు, పాత ఇన్సూరెన్స్ పాలసీ క్లెయిముల వివరాలు అడగండి. తర్వాత ఆటోనగర్లో మీకు తెలిసిన మెకానిక్‌కి చూపించండి. అమ్మేవాడు తెచ్చిన మెకానిక్ మాట లెక్కలోకి రాదు.

సమస్య: తెలంగాణ నంబరు, రేటు బాగా తక్కువ.
కారణం: అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు మీ నెత్తిన పడతాయి.
పరిష్కారం: ఆ ఖర్చు కలిపాకే బేరమాడండి. చలాన్లు కూడా నంబరు కొట్టి చూసుకోండి.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరున మార్పించుకోండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుదే, బండితో మీకు రాదు.