పెండ్లి సామాన్లకు నుమాయిష్ పోతున్నారా? ముందు ఇంట్లో టేపు పట్టండి

సంక్రాంతి దాటిందంటే మా వైపు పెండ్లి ఇండ్లల్లో ఒకటే ముచ్చట. మాఘంలో ముహూర్తం పెట్టుకున్నాం, మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫా ఎక్కడ తీసుకుందాం? హన్మకొండ, వరంగల్ షాపులు రెండు రోజులు తిరుగుతారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు "హైదరాబాద్ పోయి నుమాయిష్‌లో చూసొద్దాం, వెరైటీ ఉంటది" అంటారు. నుమాయిష్ అంటే హైదరాబాద్‌లో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్. బండి కట్టుకుని బయల్దేరతారు.

నాది హన్మకొండలో ఫర్నిచర్ పని. మా బాపు నుంచి నేర్చుకున్నాను. ఎగ్జిబిషన్‌లో కొనొద్దని నేను చెప్పను. సహారన్‌పూర్ నగిషీ, జోధ్‌పూర్ పని, కశ్మీర్ అక్రోట్ చెక్క మీద చెక్కిన ఆకులు ఒక్క చోట చూసే అవకాశం మనకు వరంగల్‌లో లేదు. నేను కూడా పని నేర్చుకోవడానికి పోయి చూస్తుంటాను. కానీ స్టాల్లో వస్తువు బాగుందా అన్నది సగం ప్రశ్నే. అది మీ మెట్లెక్కి, మీ గదిలో నిలబడి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటుతుందా అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అక్కడ ఎవరూ అడగరు. మనమే అడుక్కోవాలి.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, 1946 నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతోంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు. ఆ తర్వాత స్టాల్ విప్పేస్తారు. మీకు మంచం అమ్మినాయన మార్చిలో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటాడు. హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో పెట్టే ఇంటీరియర్ ఎక్స్‌పోలైతే మూడు నాలుగు రోజులే. పైగా అక్కడ చాలాసార్లు చూపించేది శాంపిల్. మీ ఇంటికి వచ్చేది తర్వాత తయారైన ఇంకో పీసు. అందుకే నుమాయిష్‌లో "ఈ పీసే కావాలి" అని అడగాలి, ఎక్స్‌పోలో "దీనిలాగే వస్తుందని రాసివ్వండి" అని అడగాలి.

ఇక టేపు సంగతి. మా అక్క పెండ్లికి సిటీలో ఒక ఎగ్జిబిషన్‌లో మూడు తలుపుల చెక్క బీరువా కొన్నాం. చూడ్డానికి మహా అందంగా ఉంది. కాజీపేటలో బావ వాళ్ల ఇల్లు ఫస్ట్ ఫ్లోర్. నలుగురు హమాలీలు మెట్ల మలుపు దాకా తెచ్చి ఆగిపోయారు. నిలబెడితే పై స్లాబు తగులుతోంది, పడుకోబెడితే మలుపు తిరగదు. చివరికి మోకులు కట్టి బాల్కనీ మీదుగా లాగారు. ఒక మూల గోడకు కొట్టుకుని చీలింది. బంధువులంతా చుట్టూ నిలబడి చూస్తుంటే మా బాపు ఆ మూల దగ్గర కూర్చుని ఫెవికాల్ పెట్టి, తాడు బిగించి, సాయంత్రం దాకా లేవలేదు. ఆ రోజు ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి బయల్దేరే ముందు పెండ్లికొడుకు వాళ్ల ఇంటికి, అంటే సామాను చేరాల్సిన ఇంటికి, ఒకసారి టేపు పట్టుకుని పోండి. మొహమాటం వద్దు. గేటు వెడల్పు, మెట్ల వెడల్పు, మలుపు దగ్గర చోటు, పడకగది తలుపు ఎత్తు వెడల్పు రాసుకోండి. చాలామంది మర్చిపోయేది సజ్జ, అంటే సామాన్లు పెట్టే అటక. మన ఇండ్లల్లో పడకగదిలో ఏడడుగుల ఎత్తు దగ్గర సజ్జ పోస్తారు. 7 అడుగుల బీరువా దాని కిందికి సరిపోతుందని అనుకుంటారు. కానీ పడుకోబెట్టి తెచ్చిన బీరువాను లేపి నిలబెట్టేటప్పుడు దాని మూల ఇంకా పైకి పోతుంది. 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు ఉన్న బీరువాకు లేపేటప్పుడు 7 అడుగుల 3 అంగుళాలకు పైనే చోటు కావాలి. సజ్జ ముందు ఖాళీగా జాగా ఉంటే అక్కడ లేపి లోపలికి జరపొచ్చు. లేకపోతే ఆ గదిలో అది నిలబడదు. మంచానికైతే 6 అడుగుల పరుపు కొలత ఒక్కటే చూడొద్దు. తలాపు పలక, పక్క పట్టీలు కలిపి ఎంతవుతుందో, ఇరువైపులా మనిషి నడిచే చోటు మిగులుతుందో లేదో గదిలో నేల మీద సుద్దముక్కతో గీసి చూసుకోండి. బోల్టులతో విప్పి మళ్లీ బిగించే రకమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

స్టాల్ దగ్గరికి వద్దాం. నుమాయిష్ సాయంత్రం తెరుస్తారు. లైట్ల వెలుగులో పాలిష్ అంతా బంగారంలా మెరుస్తుంది. మీ ఫోన్ టార్చ్ వెయ్యండి, అది కూడా ఎదురుగా కాదు, పక్క నుంచి చెక్కకు ఆనించినట్టు. అప్పుడు పుట్టీ పెట్టి పూడ్చిన చోట్లు, ఎగుడుదిగుళ్లు పైకి కనిపిస్తాయి. తర్వాత ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి తలకిందులు చెయ్యండి. అమ్మేవాళ్లు ముందు భాగం చూపిస్తారు, మీరు వెనక చూడండి. సొరుగు అడుగున, బీరువా వెనక, మంచం కింద పాలిష్ ఉండదు. అసలు చెక్క అక్కడే కనిపిస్తుంది. మాను మధ్యలో ఉండే ముదురు రంగు భాగం చేవ. అంచుల్లో ఉండే తెల్ల భాగానికి మన్నిక తక్కువ, పురుగు పట్టేది అక్కడే. ముందువైపు రంగు కలిపి తెలుపును దాచేస్తారు, వెనక దాచరు.

పురుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇండ్లు ఏడ్చేది దీనితోనే. శీషంలో తెల్ల భాగం, మామిడి చెక్క, రబ్బర్ వుడ్, వీటికి పుచ్చు పురుగు త్వరగా పడుతుంది. టేకు చేవకు అది దాదాపు రాదు. పురుగు చెక్క లోపల నెలల తరబడి తిని, పెద్దదయ్యాక గుండుసూది తలంత రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. అంటే జనవరిలో కొన్నప్పుడు పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అక్క బీరువాకు అదే జరిగింది. జూలైలో ఒక రోజు ఊడుస్తుంటే బీరువా కాలు పక్కన పిండిలాంటిది చిన్న కుప్పగా కనిపించింది. పట్టు చీర మడతలో కూడా అదే పిండి. వేళ్ల మధ్య నలిపితే మైదా అంత మెత్తగా ఉంది.

స్టాల్లో ఇలా చెయ్యండి. వస్తువు కింద తెల్ల రుమాలు పరిచి, పాలిష్ లేని వైపు అరచేత్తో గట్టిగా నాలుగు దెబ్బలు వెయ్యండి. పొడి రాలితే ఆ పీసు వద్దు. రంధ్రాలుంటే రంగు చూడండి. లోపల నల్లగా, దుమ్ము పట్టి ఉంటే పాతవి, పురుగు పోయి ఉండొచ్చు. తెల్లగా, కొత్తగా ఉంటే లోపల ఇంకా ఉండొచ్చు. "అది డిజైన్ సార్, యాంటిక్ లుక్" అంటే నమ్మకండి.

ఇంకొకటి మన ఎండ. వరంగల్‌లో మే నెలలో 44, 45 డిగ్రీలు కామన్. ఆరని చెక్క అప్పుడు అడ్డంగా కుంచించుకుపోతుంది, అతుకులు విడతాయి, పలకలు చీలతాయి. ఫర్నిచర్ చెక్కలో తేమ సుమారు 8 నుంచి 12 శాతం ఉండాలి. తెలిసిన వడ్రంగిని తోడు తీసుకుపోతే మాయిశ్చర్ మీటర్ పెట్టి చెప్తాడు. మీటర్ లేకపోయినా ఒకటి చూడొచ్చు. బీరువా తలుపులో నడిమి పలక చుట్టూ ఉన్న చట్రం గాడిలో కూర్చోవాలి. వేళ్లతో నొక్కితే కొద్దిగా ఆడాలి. దాన్ని మేకులు కొట్టి, జిగురు పెట్టి కదలకుండా బిగించేశారంటే మే నెలలో టప్‌మని చీలుతుంది. మంచం కోళ్లు, పట్టీలు కలిసే దగ్గర కుసి, బెజ్జం (ఒక చెక్క కొస ఇంకో చెక్క రంధ్రంలో దిగే అతుకు) ఉన్నాయా, ఉత్త స్క్రూలేనా అన్నది కూడా అడగండి.

"సాలిడ్ వుడ్" అన్న మాట విని ఆగిపోవద్దు. మామిడి కూడా సాలిడ్ వుడ్డే. "టేక్ ఫినిష్" అంటే రంగు పేరు, చెక్క పేరు కాదు. ఏ చెక్కో పేరుతో బిల్లు మీద రాయించండి. రాయడానికి వెనకాడితే విషయం అర్థమైనట్టే.

ప్లైవుడ్ సామానైతే లోపల అంచు దగ్గర పొరలు కనిపిస్తాయి. పొరలు లేకుండా పొట్టు ఒత్తినట్టు ఉంటే పార్టికల్ బోర్డు, మెత్తగా అట్టలా ఉంటే ఎండీఎఫ్. అవి చెడ్డవని కాదు, నీళ్లకు ఆగవు. 2023 జూలై వరదల తర్వాత హన్మకొండలో ఎన్ని బోర్డు బీరువాలు అడుగున ఉబ్బిపోయి రోడ్డు మీద పడున్నాయో కళ్లారా చూశాను. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి, లోతట్టు కాలనీకి ఇస్తున్నట్లయితే కాళ్లున్న సామాను తీసుకోండి. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే నీళ్లకు తట్టుకునే రకం, ఐఎస్ 303 మామూలు వాడకానికి. ఇనుప బీరువాకు గేజ్ అడగండి. నంబర్ పెరిగితే రేకు పలచన. 20 కంటే 22 పలచగా ఉంటుంది. ఈ లెక్క తిరగేసి చెప్పి మోసం చేసేవాళ్లున్నారు.

డబ్బులు. ఆఖరి రోజుల్లో రేట్లు తగ్గుతాయి, నిజమే. కానీ మిగిలేవి ఎవరూ తీసుకోని పీసులు. బయానా తక్కువ ఇవ్వండి, మిగతాది సామాను ఇంటికి చేరాక. పూర్తిగా ముందే కట్టమంటే అక్కడే నచ్చిన పీసు మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, వెనక మీ సంతకం చేసి ఫోటో తీసుకోండి. యూపీఐ చేసేటప్పుడు స్క్రీన్ మీద వచ్చే పేరు, బిల్లు మీది పేరు ఒకటేనా చూడండి. బిల్లులో జీఎస్టీ నంబర్, ఊరి అడ్రస్ ఉండాలి. చెక్క ఫర్నిచర్‌కు జీఎస్టీ 18 శాతం, అందుకే "బిల్లు లేకుండా తగ్గిస్తా" అంటారు. ఆ తగ్గింపు తీసుకుంటే రేపు మీ చేతిలో కాగితం ఉండదు.

రవాణా కూడా తేలిక కాదు. నాంపల్లి నుంచి వరంగల్ దాదాపు 150 కిలోమీటర్లు, రాత్రి ప్రయాణమే ఎక్కువ. జనవరి మంచుకు తడిసిన టార్పాలిన్ పాలిష్‌కు అతుక్కుంటే తెల్ల మచ్చలు పడతాయి. ముందు పాత దుప్పటి, దాని మీద టార్పాలిన్. మోకు తగిలే ప్రతి అంచుకు అట్ట పెట్టించండి. మేడారం జాతర ఏడాదైతే ఇంకా జాగ్రత్త. జాతర మాఘంలో వస్తుంది, కొన్నిసార్లు నుమాయిష్ రోజుల్లోనే పడుతుంది. 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ వారం డీసీఎం వ్యాన్లు దొరకవు, దొరికినా రోడ్డు కదలదు. జాతరకు వారం ముందో తర్వాతో పెట్టుకోండి.

గ్రౌండ్స్‌లోకి పోగానే బయటికి పోయే గేట్లు ఎక్కడున్నాయో చూసుకోండి. 2019 జనవరి 30 రాత్రి అక్కడ మంటలు లేచి చాలా స్టాళ్లు కాలిపోయాయి. పిల్లల్ని, పెద్దవాళ్లను వెంట తీసుకుపోతే శని, ఆదివారాలు వద్దు. ఉప్పల్‌లో బస్సు దిగితే మెట్రోలో అమీర్‌పేట్ మారి గాంధీభవన్ స్టేషన్‌లో దిగొచ్చు, పార్కింగ్ బాధ తప్పుతుంది.

సామాను ఇంటికి వచ్చిన రోజే, డ్రైవర్ ఉండగానే విప్పించి వీడియో తీయండి. మొదటి నెల రోజులు పట్టు చీరలు అందులో పెట్టొద్దు. కిటికీ ఎండ నేరుగా తగలకుండా, గోడకు రెండు మూడు అంగుళాల ఎడం ఉంచండి. వానాకాలంలో పొడి కనిపిస్తే ఆ వస్తువును వేరే గదికి మార్చి పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి. పాలిష్ మీద మందు చల్లితే లోపలికి దిగదు, రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించాలి. పడుకునే మంచానికి సొంతంగా మందులు పూయకండి.

అమ్మినాయన ఫోన్ ఎత్తకపోతే 1915కు చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో కేసు వేయొచ్చు, అమ్మినవాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లూ బిల్లు దాచండి, కానీ ఆ బీరువాలో కాదు. ఒక ఫోటో ఫోన్‌లో, ఒకటి అమ్మాయి వాళ్ల అమ్మ దగ్గర ఉండాలి.