‘ఉమ్మడి’, ‘ఐక్య’, ‘సమైక్య’: ఏ మాట ఎక్కడ వాడాలి?

పోయిన వేసవిలో మా లిఫ్టు పక్కన ఒక నోటీసు అంటించారు. విజయవాడ పటమటలో మాది 20 ఫ్లాట్ల బిల్డింగు. నోటీసు రాసింది ఇంజనీరింగు చదివే కుర్రాడు. “ఐక్య మోటారు కాలిపోయినందున ఈ సాయంత్రం నీళ్లు రావు” అని ఉంది. కామన్ మోటారు అనకుండా అంతా తెలుగులోనే రాయాలని వాడి తాపత్రయం. రెండో అంతస్తు పిన్నిగారు అది చదివి, “మోటారుకున్న ఐక్యత మనకుంటే ఈపాటికి రిపేరు డబ్బులు వసూలయ్యేవి బాబూ” అన్నారు.

వాడు వాడాల్సిన మాట ‘ఉమ్మడి’. ‘ఐక్య’ తప్పు మాటేం కాదు, చోటు తప్పింది. ఇలాంటి తికమక రాకుండా నేను పాటించే పద్ధతి ఇది.

1. ముందుగా, ఒకటైంది ఏమిటో చూడండి

వస్తువు, ఆస్తి, ఖర్చు, హక్కు నలుగురిదీ అయితే ‘ఉమ్మడి’. ఉమ్మడి గోడ, ఉమ్మడి బావి, ఉమ్మడి ఖర్చు. నలుగురి మనసూ ఒకటైతే ‘ఐకమత్యం’. వేరువేరు సంఘాలు ఒక పని కోసం చేతులు కలిపితే ‘ఐక్య’: ఐక్య వేదిక, ఐక్య కార్యాచరణ సమితి, ఐక్య పోరాటం. అందుకే 1945లో చాలా దేశాలు కూడి పెట్టుకున్న సంస్థ మనకు ఐక్యరాజ్య సమితి అయింది.

‘మాది ఉమ్మడి కుటుంబం’ అంటే ఆస్తి పంచుకోలేదని, పొయ్యి ఒకటేనని అర్థం. ఒకరంటే ఒకరికి ప్రాణమని కాదు. కాబట్టి “ఉమ్మడి కుటుంబమే గానీ ఐకమత్యం లేదు” అనేది నిక్షేపంలాంటి వాక్యం. “వేరుపడినా ఐకమత్యంగా ఉన్నారు” అన్నదీ అంతే. ఆదాయపన్ను కాగితాల్లో కనిపించే ‘అవిభక్త’ అనే మాటకు పంచుకోనిది అని అర్థం. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు.

2. ‘ఉమ్మడి’ పక్కన ‘అయిన’ తగిలించకండి

‘ఉమ్మడి’ నేరుగా నామవాచకం ముందు నిలబడుతుంది. ‘ఉమ్మడి అయిన స్థలం’ అక్కర్లేదు, ‘ఉమ్మడి స్థలం’ చాలు. వాక్యం చివర వస్తే ‘ఉమ్మడిది’ అనండి: “ఆ గోడ ఉమ్మడిది, మీరొక్కరే కొట్టించడానికి లేదు.” పని ఎలా జరిగిందో చెప్పాలంటే ‘ఉమ్మడిగా’: “అన్నదమ్ములిద్దరూ ఆ ఎకరం ఉమ్మడిగా కొన్నారు.” గుంటూరు వైపు పల్లెల్లో ఇదే మాటను “పొత్తులో కొన్నారు” అనడమూ ఉంది. అయితే ఎన్నికలొస్తే ‘పొత్తు’ పార్టీల పాలవుతుంది, జాగ్రత్త.

‘ఐకమత్యం’ ఇలా నామవాచకం ముందు చేరదు. ‘ఐకమత్య కుటుంబం’ అనకండి. ‘ఐకమత్యం ఉన్న కుటుంబం’, ‘ఐకమత్యంగా ఉండే ఊరు’ అనాలి.

3. కామన్ అన్నదల్లా ‘ఉమ్మడి’ కాదు

ఇంగ్లీషులో ఆ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది: నలుగురిదీ అని ఒకటి, తరచూ కనిపించేదని ఇంకొకటి. తెలుగులో ఈ రెండింటికీ వేరే మాటలున్నాయి. కామన్ మెట్లు ఉమ్మడి మెట్లు అవుతాయి. కామన్ కోల్డ్ మాత్రం మామూలు జలుబే. ఉమ్మడి జలుబు అంటే ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నట్టుంటుంది. ఇక ‘ఉమ్మడి పౌరస్మృతి’ (యూనిఫాం సివిల్ కోడ్)లో ‘ఉమ్మడి’కి అందరికీ ఒకేలా వర్తించేదనే అర్థం ఉంది. రాజ్యాంగం 44వ అధికరణ గురించిన వార్తల్లో మీకు తగిలేది ఇదే.

4. రాష్ట్రం, జిల్లా పేరుకు ముందు ‘ఉమ్మడి’ వస్తే, కాలం చూడండి

మన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. రాష్ట్రం పేరుకు, జిల్లా పేరుకు ముందు ‘ఉమ్మడి’ వచ్చిందంటే అది ఒకప్పుడు ఒకటిగా ఉంది, ఇప్పుడు విడిపోయింది అని అర్థం. ‘ఉమ్మడి ఆంధ్రప్రదేశ్’ అంటే 2014 జూన్ 2కు ముందున్న రాష్ట్రం. ‘ఉమ్మడి గుంటూరు జిల్లా’ అంటే 2022 ఏప్రిల్‌కు ముందున్న జిల్లా. దానిలోంచే పల్నాడు జిల్లా, బాపట్ల జిల్లాలో కొంత భాగం వచ్చాయి. కాబట్టి “నరసరావుపేట ఉమ్మడి గుంటూరు జిల్లాలోది” అనవచ్చు. “నూజివీడు ఉమ్మడి కృష్ణా జిల్లాలోది” అన్నా సరే, ఎందుకంటే 2022లో అది ఏలూరు జిల్లాలోకి వెళ్లింది.

మరి చీరాల? ఇప్పుడున్నది బాపట్ల జిల్లాలో. బాపట్ల ఉమ్మడి గుంటూరుది కదా అని చీరాలనూ అందులో కలిపేస్తుంటారు. 2022కు ముందు చీరాల ప్రకాశం జిల్లాలో ఉండేది. కానీ ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, అంతకుముందు చీరాల గుంటూరు జిల్లాలోనే ఉంది! పాత దస్తావేజు చదువుతుంటే అందులో ‘గుంటూరు జిల్లా’ అనే ఉంటుంది. అందుకని అనుమానం ఉన్నచోట ‘ఉమ్మడి’ పక్కన సంవత్సరం కూడా రాయడం నా అలవాటు. ఇదంతా చాదస్తమని ఇంట్లోవాళ్లు అంటారు.

5. ‘సమైక్య’ను చూసి వాడండి

రాష్ట్రం గురించి ‘ఉమ్మడి’ అన్నా ‘సమైక్య’ అన్నా నిఘంటువులో అర్థం దగ్గరదగ్గరే. చెవికి మాత్రం తేడా తెలుస్తుంది. 2013లో బెజవాడ బెంజిసర్కిల్ దగ్గర ‘జై సమైక్యాంధ్ర’ నినాదాలు విన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ‘ఉమ్మడి రాష్ట్రం’ జరిగిన సంగతి చెబుతుంది. ‘సమైక్య రాష్ట్రం’లో కలిసి ఉండాలన్న కోరిక వినపడుతుంది. వార్తలా రాయాలనుకుంటే మొదటిది తీసుకోండి.

6. ‘ఏకగ్రీవం’ అనేముందు లెక్కపెట్టండి

గ్రీవం అంటే మెడ. మెడలన్నీ ఒకేసారి ఊగితేనే ఏకగ్రీవం. 20 మందిలో 19 మంది ఒప్పుకుని ఒకాయన కాదంటే అది మెజారిటీ మాత్రమే. సర్పంచి పదవికి చివరికి ఒక్కరే పోటీలో మిగిలితే ఓటింగు లేకుండానే ‘ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు’ అంటాం.

7. అచ్చ తెలుగులో చెప్పాలంటే ‘కలిసికట్టుగా’

పని చేయడం గురించి చెప్పేటప్పుడు ఇదే నాకిష్టం. “2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా వీధివాళ్లం కలిసికట్టుగా అన్నం పొట్లాలు కట్టాం.” ఇక్కడ ‘ఐక్యంగా’ అని పెట్టి చూడండి, అన్నం పొట్లం కాస్తా ఉపన్యాసం అయిపోతుంది.

8. చివరగా అక్షరాలు సరిచూసుకోండి

స్కూలు వ్యాసాల్లో, గోడరాతల్లో ‘ఐక్యమత్యం’ అని తెగ కనిపిస్తుంది. సరైనది ‘ఐకమత్యం’, ‘క’ కింద య వత్తు లేదు. ‘ఏకమతం’ నుంచి వచ్చిందని గుర్తుంచుకుంటే చేయి ఆగుతుంది. ‘ఐక్యత’ సంగతి వేరు. ‘ఐక్యం’ అంటేనే ఒకటి కావడం, దానికి మళ్లీ ‘త’ ఎందుకని వ్యాకరణం తెలిసినవాళ్లు విసుక్కుంటారు. కానీ ఏటా అక్టోబరు 31ని జాతీయ ఐక్యతా దినోత్సవం అంటున్న రోజుల్లో ఆ ‘త’ను పీకడం నా వల్ల కాదు. నేను రాసేచోట ‘ఐక్యం’ అని రాసుకుంటాను, ఎదుటివాళ్లది దిద్దను.