మండువా బొమ్మరిల్లు: కప్పు కలవక నా తిప్పలు

మా పాపకి అమ్మమ్మ వాళ్ల మండువా లోగిలి లాంటి బొమ్మరిల్లే కావాలట. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో గోడలు ఒక్కపూటలో లేచాయి. పేచీ అంతా కప్పుతోనే. నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలాలి కదా, మూలలు 45 డిగ్రీలకి కోశాను. గోడల దగ్గర కలిశాయి, మండువా వైపు మాత్రం వేలు దూరేంత సందు! "ఇందులోంచి బల్లి వస్తుంది నాన్నా" అంది. లప్పం పెట్టి పూడ్చా, ఆరగానే రాలిపోయింది.

చివరికి అట్టపెట్టె కోసి నమూనా చేశాక తెలిసింది, పలక వాలితే మూల కోణం మారుతుందని. 30 డిగ్రీల వాలుకి చూరు గీత నుంచి సుమారు 49 డిగ్రీలు రావాలి. మళ్లీ కోసి, ఫెవికాల్ రాసి, మాస్కింగ్ టేపు బిగించి రాత్రంతా వదిలేశా. (మేకులొద్దు. సన్న ప్లైవుడ్ అంచుకి కొడితే పొరలు విడిపోతాయి, అదీ అయింది.)

ఇప్పుడు మండువాలో కొండపల్లి అంబారీ ఏనుగు నిలబడింది. గుమ్మంలో పట్టలేదు, పైనుంచే దించాం.